దత్తమండలములలో శిలాపరీక్షయు జలపరీక్షయు

కడప, కర్నూలు అను రెండూళ్ల పేళ్లు భూమియొక్క పూర్వచరిత్రమును శిలలయందుఁ జదువు విద్వాంసులకు దేశదేశములం దెలిసిన పేళ్లు. 1872 వ సంవత్సరమున విలియం కింగు అను దొర భారతభూతత్త్వపరిశోధనశాఖవారి గ్రంథమాలలో ఎనిమిదవ సంపుటమున నీ రెండు మండలముల శిలలనుగుఱించి యొక పెద్దగ్రంథమును బ్రకటించినది మొదలు, కడపశిలలు, కర్నూలుశిలలు అను సంజ్ఞలు శాస్త్రమున స్థిరపడినవి. అయినను మన పండితులలోఁ బెక్కండ్రకు దత్తమండలముల చరిత్రమనఁగా రాజులు, పాళెగాండ్రు, శాసనములు, కైఫీయతులు అను నంతతో ముగియునదిగాఁ దోఁచుట వాడుకయైనది. ఆ సీమ రాతినేల. వాన సంవత్సరమునకు 30 అంగుళముల లోపల. అట్టిచోట రాతిని, మంటిని, నీటిని ఎవరెప్పుడు పరీక్షించిరి, ఆ పరీక్షవలన నేమి తెలిసినది, తెలిసినదానిని లెక్కచేసినవారెవరు, చేయనివారెవరు అనునదియుఁ జరిత్రమే. అందుఁ గడపటి ప్రశ్నకు మనుష్యుల ప్రాణములతో సంబంధము గలదు.

పరీక్ష యనునది ఇంగ్లీషువారితోఁ బుట్టలేదు. కడప మండలమందలి పోరుమామిళ్ల చెఱువుకట్టయొద్ద శాలివాహనశకము 1291, అనఁగాఁ గ్రీస్తుశకము 1369 నాఁటి సంస్కృతశాసన మొకటి కలదు. మొదటి బుక్కరాయల కుమారుఁడైన భాస్కరభవదూరుఁడు ఉదయగిరి నేలుచు నీ చెఱువును గట్టించి, దీనికి అనంతరాజసాగరమని పేరిడెను. శాసనమును వి. యస్. సుక్తంకరు పండితుఁడు ఎపిగ్రాఫియా ఇండికా పదునాలుగవ సంపుటమునఁ బరిష్కరించి ప్రకటించినాఁడు. చెఱువు త్రవ్వించినవాని పుణ్యమును గొనియాడు శాసనములు దేశమున నెన్నియో గలవు. ఇది యంతతోఁ దృప్తిపడలేదు. చెఱువునకుఁ గావలసిన సాధనములు పండ్రెండనియు, విడువవలసిన దోషములు ఆఱనియు శాస్త్రగ్రంథమువలె లెక్కించి చెప్పినది. ధర్మశీలుఁడును ధనవంతుఁడునగు రాజు, జలశాస్త్రము నెఱిఁగిన బ్రాహ్మణుఁడు, గట్టిమన్ను గల నేల, మూఁడు యోజనముల దూరమునుండి పాఱివచ్చు తియ్యనినీటి యేఱు, ఆ యేటికిఁ దగిలియున్న కొండ, ఱాతితో బిగువుగాఁ గట్టిన, మిక్కిలి పొడవుగాని కట్ట, వెడల్పును లోఁతును గల గర్భము, తిన్ననైన పొడుగురాళ్లు దొరకు గని, చుట్టును జదునై సారవంతమగు పొలములు, నీరు సుడి తిరిగి వెడలు తూములు, పనిలో నేర్పరులగు కూలివాండ్రు, ఇవి సాధనములలో ముఖ్యములు. కట్టనుండి నీరూరుట, చౌటినేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, గర్భమధ్యమునఁ దాఁబేటివీపువలె మిట్ట యుండుట, నీరు తక్కువయై పొలమెక్కువగుట, పొలము తక్కువయై నీరెక్కువగుట, ఇవి దోషములు. తుంగభద్రనీటికై నేఁడు మూఁడు రాష్ట్రములు వాదులాడుకొనుటఁ జూచువారికి మూఁడవ దోషమునకు వ్యాఖ్యాన మక్కఱలేదు. కడపటి రెండు దోషములను మాత్రము చదువరులు మనసునం దుంచుకొనవలయును. వానితో ముందు పని గలదు.

దినమునకు వేయిమంది కూలివాండ్రు, నూఱు బండ్లు, రెండేండ్లకాలము పనిచేసిరని శాసనము చెప్పుచున్నది. ఆ చెఱువు నేఁటికిని నిలిచియుండి పొలములకు నీరిచ్చుచున్నది. జలశాస్త్రము నెఱిఁగిన బ్రాహ్మణుఁడు చెప్పినది పలికెనా, రాజు వినెనా యని యడుగువారికి ఇంతకు మించిన సాక్ష్యము వేఱొకటి యుండదు.

1800 వ సంవత్సరమున నిజాము బళ్లారి, కడప మొదలగు సీమలను ఈస్టిండియా కంపెనీకి నిచ్చివేసెను. దత్తమండలము లను పేరు అందువలనఁ గలిగినది. రాయలసీమ యను పేరు మిక్కిలి యీవలిది, 1928 వ సంవత్సరపు నంద్యాలసభలోఁ జిలుకూరి నారాయణరావుగారు సూచింపఁగా వాడుకలోనికి వచ్చినది. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబుల చేతిలోనే యుండి, 1858 లోఁ గడప బళ్లారి మండలములనుండి కొన్ని తాలూకాలు చేరఁగా నొక మండలమయ్యెను. కంపెనీవారి ప్రథమకార్యము రాతిపరీక్షయు గాదు, నీటిపరీక్షయు గాదు, పన్నుకొఱకైన భూమికొలత. ప్రధానకలెక్టరై 1800 మొదలు 1807 వఱకు నుండిన థామస్ మన్రో 1802 లో దాని నారంభించినాఁడు. కొలఁత తెలిసిన గుమాస్తాలు మొదట నలుగురే యుండిరి. వారివలనఁ దక్కినవారు నేర్చిరి. 33 అడుగుల చదరము గుంట, అట్టివి 40 ఎకరము అను లెక్క దానినుండియే యీ సీమలో వేళ్లూనినది. కొలఁతతోఁ బాటు నేలలకుఁ దరములు నేర్పఱచిరి. ఆ తరములకుఁ బునాదియైన మాటలు దొరలవి కావు, రైతులవి. రేగడ, ఎఱ్ఱనేల, గరపనేల, చౌడు అని కాఁపు తన కాలితోఁ ద్రొక్కి చెప్పినదే కాగితమున కెక్కినది. మన్రో మదరాసు గవర్నరై తిరిగివచ్చి, దత్తమండలములలో సంచరించుచు 1827 జులై 6 వ తేదిని బత్తికొండలో వాంతిభేదిచేఁ జనిపోయెను. ఆయన జ్ఞాపకార్థ మచట నొక తోఁపును మెట్లబావియు నేర్పఱచిరి.

ఆ కొలఁతలోఁ గనఁబడిన యొక పద్ధతి చెప్పఁదగియున్నది. కడప మండలమునఁ జెఱువులు, కాలువలు, బావులు త్రవ్వించినవారికిని, వానిని బాగుచేయుచుండువారికిని దశబంధ మను పేర నినాములు గలవు. పనిచేసినంతకాలము ఇనాము నడచును, నీటివనరు చెడిపోయినచో దాని యాధారము పోవును. పదవవంతు అను సంఖ్య పేరిలో నున్నను, వాడుకలో నది యూరూరికి మాఱుచుండెను. నీటిని నిలుపువానికిఁ బ్రతిఫలము నీటినుండియే రావలయు నను నీ యేర్పాటును ఇంగ్లీషు దొరతనమువారు ఇనాముగానే చూచిరికాని, జలనిర్వాహకశాస్త్రముగాఁ జూడలేదు. చెఱువుల మరామతునకై వారు ప్రత్యేకముగా నొక యేర్పాటు చేయుటకు 1883 వ సంవత్సరము రావలసివచ్చెను.

మెకంజీదొర కథ మన పత్రికలలోఁ బలుమాఱు వచ్చినది కాఁబట్టి యిచట నంతగాఁ బెంచనక్కఱలేదు. 1794 లో నాయన శ్రీశైలమునకుఁ బోయి వ్రాసిన వృత్తాంతము ఏషియాటిక్ రిసర్చస్ అయిదవ సంపుటమునఁ బడినది. కావలి వేంకటబొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుఁగువారును, వారి తరువాతి సహాయులును గ్రామగ్రామమునకుఁ బోయి కరణములచేఁ జెప్పించి వ్రాయించిన కైఫీయతులలో ఊరిపుట్టుకతోఁ పాటు చెఱువెవరు కట్టించిరి, కాలువ యెప్పుడు తెగెను, ఏ యేఱు ఎచటఁ బుట్టినది యను సంగతులును గలవు. వానిని రాజులకొఱకే వెదకువారు ఆ పంక్తులను దాఁటిపోవుచున్నారు.

రాతిని మొదట వెదకించినది శాస్త్రము గాదు, వజ్రము. కడపకు సమీపమునఁ బెన్నయొడ్డున, బనగానపల్లెలో, రామళ్లకోటలో వజ్రపుగనులు పూర్వమునుండియు నుండెను. కంపెనీవారి కొలువులో వృక్షశాస్త్రజ్ఞుఁడైన బెంజమిన్ హెయిను ఈ గనులనుజూచి వ్రాసిన సంగతులు 1814 లో లండనునఁ బ్రకటితమయ్యెను. ఆయన వెనుక వాయ్సీ. హెన్రీ వాయ్సీ వైద్యుఁడు; లాంబ్టనుదొర నడపిన మహాత్రికోణమాపనమునకు శిలాశాస్త్రజ్ఞుఁడుగా 1818 ప్రాంతమున నియమింపఁబడెను. ఆయన నల్లమలలఁ దిరిగి, ఆ కొండల పలకఱాళ్ల వర్గమును వేఱుపఱచి గుర్తించి, బనగానపల్లె గనులను స్వయముగాఁ బరీక్షించెను. 1824 లోఁ గలకత్తాకుఁ బోవుచు మార్గమధ్యమున మృతినొందుటచే, దక్షిణదేశపు వజ్రపుగనులనుగుఱించి యాయన వ్రాసిన వ్యాసము మఱుసటియేఁట ఏషియాటిక్ రిసర్చస్‌లో వెలువడినది.

బనగానపల్లెలోఁ బనివాండ్రు పైనున్న గట్టిరాతిని ఛేదించి గుంత దింపుదురు. అడుగున గులకఱాళ్లు కలిసి గట్టిపడిన పలుచని పొర యొకటి తగులును. దాని వెంబడి నడ్డముగాఁ ద్రవ్వుకొనుచు, లేచి నిలువరాని యా సందులో వంగియుఁ గూర్చుండియుఁ బనిచేసి, ఆ పొరను దెచ్చి చితుకఁగొట్టి, కడిగి, పఱచి, చేతితో వెదకుదురు. ఆ పొరయే వజ్రములకు జన్మస్థానమని వాయ్సీ నిశ్చయించెను. అది సగము నిజము. వజ్ర మా పొరలో దొరకుట నిజమే. అయినను అది పుట్టినది భూగర్భమున మిక్కిలి లోఁతున. అగ్నిశిలానాళములగుండఁ బైకి వచ్చి, ఏళ్లచేఁ గొట్టుకొని వచ్చి, గులకఱాళ్లతోఁ గలిసి యిచటఁ జేరినదని తరువాతివారు తెలిసికొనిరి. అట్టి నాళములు అనంతపురమండలమున వజ్రకరూరులోఁ గలవు. పత్తికొండ, తుగ్గలి, జొన్నగిరి ప్రాంతముల జనులు నేఁటికిని దొలకరివాన పడఁగానే పొలములలో వంగి వజ్రములకై వెదకుచుందురు. వాన మట్టిని గడుగును, మనుష్యుఁడు కన్నులతో జల్లించును. హెయిను చూచినదానికిని దీనికిని భేద మల్పము.

న్యూబోల్డు పేరు వీరందఱికంటె నెక్కువగాఁ దలఁపవలసినది. థామస్ జాన్ న్యూబోల్డు మదరాసు పదాతిదళమునఁ గాప్టెను. కర్నూలు కంపెనీవశమైన పిమ్మట నచటి కమిషనరునకు సహాయుఁడుగా నుండి, గుఱ్ఱముపై సీమయంతయుఁ దిరిగి, దక్షిణహిందూదేశపు శిలాశాస్త్రసంగ్రహమును వ్రాసి, 1850 లో మహాబలేశ్వరమునఁ జనిపోయెను. జంగమరాజుపల్లె సీసపుగనులను, బిలసుర్గపు గుహలను, అన్నిటికంటె ముఖ్యముగా రేగడనేలను గుఱించి యాయన వ్రాసెను. రేగడ తేమను బట్టి యుంచుగుణము, ఎండకుఁ బగులుట, ఎరువు లేకయే యేటేటఁ బండుట, ఇవియన్నియు నాయన వ్రాఁతలవలనఁ గంపెనీవారికిఁ దెలిసియే యుండవలయును. ఈ మాట యేల చెప్పవలసివచ్చెనో కాలువప్రస్తావమునఁ దేటపడును.

భూతత్త్వపరిశోధనశాఖ 1851 లో థామస్ ఓల్డాముతో నారంభమైనది. మదరాసువైపునకు వచ్చినవారిలో విలియం కింగు, చార్లెస్ ఓల్డాము, రాబర్ట్ బ్రూస్ ఫుట్టు ముఖ్యులు. చార్లెస్ ఓల్డాము 1869 లోనే గతించెను. ఆయన చేసిన పనినిఁ దన పనితోఁ గూర్చి కింగు 1872 నాఁటి గ్రంథమును బూర్తిచేసెను. తెలుఁగుదేశమునకు సింగరేణి బొగ్గును జూపినవాఁడు నితఁడే. పిమ్మట 1887 లో నా శాఖ కంతటికిని బెద్ద యయ్యెను.

కింగు కనుఁగొన్నదేమి? కడప, కర్నూలు, అనంతపురములనుండి కృష్ణదాఁటువఱకు అర్ధచంద్రాకారముగా నొక పెద్దపళ్లెము వంటి పల్లము భూమిపైఁ బూర్వము గలదు. అందు నీటి యడుగున ఇసుక, బురద, సున్నము పొరలు పొరలుగాఁ బేరుకొని రాతియయ్యెను. అడుగున నున్న నల్లరాతినేలకును వీనికిని నడుమ మిక్కిలి కాలవ్యవధానము గలదు. ఈ పొరలలోఁ గ్రిందివి కడపవర్గము, పైవి కర్నూలువర్గము. ఈ రెంటికి నడుమఁ గూడ వ్యవధానము గలదు. నేఁటి లెక్కచే నీ పల్లము సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. పులివెందుల ప్రాంతమున పొరలనడుమఁ జొచ్చిన యగ్నిశిలల వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరములు. కింగున కీ సంఖ్య తెలియుట కుపాయము లేదు. ఎముకయు గుల్లయు దొరకని రాతియం దాయన పొరల వరుసను మాత్రము కంటితోఁ జూచి, కాలినడకతోఁ గొలిచి నిర్ణయించెను. ఆ వరుస నూటయేఁబదియేండ్లకును దఱచుగా మాఱలేదు. 1906 ప్రాంతమున హాలండుదొర ఈ శిలలకును వింధ్యశిలలకును గలిపి "పురాణ" మని పేరిడెను. సంస్కృతశబ్ద మొకటి భూతత్త్వశాస్త్రమునం దీవిధముగాఁ జేరినది. పురా భవమైనది పురాణ మను వ్యుత్పత్తికి ఇంతకంటెఁ దగిన యర్థము దొరకదు.

కింగు తన శిలావర్గములకు సీమలోని యేళ్ల పేళ్లును ఊళ్ల పేళ్లును బెట్టెను. పాపఘ్ని, చెయ్యేఱు, నల్లమల, కృష్ణ అనునవి కడపవర్గపు విభాగములు. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేఱు అనునవి కర్నూలువర్గపువి. వీనిలో మరలఁ గులుచెరు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, కంభము, శ్రీశైలము, నార్జి, అవుకు, కోయిలకుంట్ల, నంద్యాల మొదలగు చిన్నపేళ్లు. రాతికి రాజుపేరు గాని దొరపేరు గాని పెట్టక, రాతి పుట్టిన యూరిపేరు పెట్టుట యా శాస్త్రపు మర్యాద. ఆ మర్యాదవలన నొక కాఁపుపల్లె పేరు కూడ విదేశవిద్యాపీఠములలో నుచ్చరింపఁబడుచున్నది.

ఉచ్చారణ మాత్రము సరిగా నిలువలేదు. గువ్వలచెఱువు గుల్చెరు అయ్యెను. కడపకు దక్షిణమునఁ గనుమదారిలోనున్న యా యూరి గువ్వలు శాస్త్రమున నెగిరిపోయినవి. కుందేఱు ఖుందైరు అయ్యెను. లేని మహాప్రాణము వచ్చిచేరినది. తాడిపత్రియం దిపుడు తాడియుఁ బత్రియుఁ గనఁబడుచున్నవి గాని పూర్వరూపము తాటిపర్తి. పర్తి యనఁగా నూరు. కంభము స్కంభశబ్దభవము. కర్నూలు కందెనవోలు, ఆలంపురపు గుడులకు ఱాళ్లు మోయు బండ్లు తుంగభద్ర దాఁటునపు డిచట నిరుసులకుఁ గందెన పూయుచుండిరని జనులు చెప్పుదురు. శిలాశాస్త్రమునఁ బ్రసిద్ధికెక్కిన యూరికి రాతిబండ్లవలననే పేరు వచ్చుట యొక వింత. చెయ్యేటి సంస్కృతనామము బాహుద; దేశ్యము సంస్కృతమునకుఁ దెలుఁగో, సంస్కృతము దేశ్యమునకుఁ బరివర్తనమో నిర్ణయించుట కష్టము. పాపఘ్ని మాత్రము సందేహములేని శుద్ధరూపము. హన్ ధాతువునకుఁ గర్త మనుష్యుఁడు గానిచో టక్ ప్రత్యయము వచ్చు నని పాణిని విధించెను. పాపమును జంపునది నది గాని మనుష్యుఁడు గాఁడు; ప్రత్యయము టిత్తగుటచే స్త్రీలింగమున ఙీప్పు వచ్చి పాపఘ్ని యైనది. పేరుపెట్టినవాఁడు వ్యాకరణము నెఱిఁగినవాఁడు. కింగు గ్రంథమున చెడక నిలిచిన పేళ్లలో నిది యొకటి.

బేతంచెర్ల సమీపమునఁ గల బిలసుర్గము గుహలకథ దీనికిఁ జేరినదే. 1844 లో న్యూబోల్డు వానియం దెముకలను జూచి ప్రకటించెను. నలువదియేండ్లకు, ఇంగ్లండున హక్స్లీపండితుఁడు మదరాసు గవర్నరు గ్రాంటుడఫ్ఫునకు వ్రాయఁగా, ఫుట్టుదొర 1883 మొదలు గుహలను బరీక్షించెను. ఆయన కుమారుఁడు సైన్యోద్యోగి త్రవ్వకములు నడపెను. దొరకిన యెముకలను లైడెక్కరు 1886 లో వర్ణించినాఁడు. అందొక ఖడ్గమృగమునకుఁ గర్నూలు పేరే యిడెను. ఎఱ్ఱమలలలో నొకప్పుడు ఖడ్గమృగములు మేసినవని నేఁటి గొల్లలకుఁ జెప్పిన నవ్వుదురు. ఆ గుహలలో నొకదానికి ఇంగ్లీషువారు పర్గెటరీ యని పేరిడిరి. పాపులు స్వర్గమునకుఁ బోవుటకుముందు తపించుచోటని వారి మతమున దాని యర్థము. జనులు సుర్గమును స్వర్గముగా భావించుట గలదు. ఒకే గుహ వారి కట్లు, వీరి కిట్లు తోఁచినది. నిజమునకు సుర్గము సురంగాశబ్దమునుండి వచ్చినదనుట యుక్తతరము. సొరంగమును దానినుండి కలిగినదే గదా.

ఇఁక నీటికథ. సర్ ఆర్థర్ కాటను గోదావరిని గట్టి కీర్తిగాంచిన పిమ్మట, తుంగభద్రనీటిని గాలువద్వారా దత్తమండలములకును, అచటినుండి నెల్లూరు తీరమునకును దెచ్చి, సేద్యమును బడవలరాకపోకలును జరుపవచ్చు నని తలపెట్టెను. దాని కొఱకు 1858 లో మదరాసు ఇరిగేషన్ కెనాల్ కంపెనీ లండనునఁ బుట్టెను. పదిలక్షల పవునుల మూలధనముపై నూటి కయిదువంతున వడ్డీకి దొరతనమువారు జామీనుండిరి. కంపెనీకి లాభము వచ్చినను రాకున్నను వాటాదారులకు వడ్డీ తప్పదు. ఆ వడ్డీ చెల్లునది ఈ దేశపు పన్నులనుండి. కర్నూలునకుఁ బశ్చిమమున సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, మిట్టకందాలయొద్ద కృష్ణాపరీవాహమును బెన్నాపరీవాహమును విడఁదీయు మిట్టను గోసి, కుందేటిలోయ వెంబడి నంద్యాలమీఁదుగాఁ గడపవఱకు 190 మైళ్ల కాలువ త్రవ్విరి. పది లక్షలు మధ్యలోనే యైపోఁగా 1866 లో దొరతనమువారు మఱి ఆఱులక్షల పవునులు బదులిచ్చిరి. 1871 నాఁటికిఁ బని పూర్తియైనది. నెల్లూరి మాట ఎవరును దలఁపరైరి.

నీరు వచ్చెను, రైతు రాలేదు. కాలువ పోయిన దారి కుందేటిలోయ. ఆ లోయ క్రిందఁ గింగు పేర్కొన్న నంద్యాల పలకఱాళ్లును, గోయిలకుంట్ల సున్నపుఱాళ్లును గలవు. అవి కరఁగి చివికి మీఁద నల్లరేగడ యైనది. రేగడలో జొన్న, కొఱ్ఱ, పత్తి వానతేమతోనే పండును. వెనుకటి వానలు పట్టి యుంచిన తేమ పంట కోఁతవఱకుఁ జాలును. దానికిఁ గాలువనీరు పెట్టినచో అడుసై, నీరు దిగక, కొన్నిచోట్లఁ జౌడును బుట్టును. నీటికిఁ బన్ను వేఱు. మంచియేఁట రూపాయి యిచ్చి నీరు కొనవలసిన పని రైతునకుఁ గనఁబడలేదు. దీనిని సోమరితన మనియు, మూఢత్వ మనియుఁ గొందఱు దొరలు వ్రాసిరి. కాని తన నేలను దా నెఱిఁగినవాని నిర్ణయమని చెప్పుట న్యాయము. ఎఱ్ఱనేలలు నీటి కాశపడుచుండఁగాఁ గాలువ నల్లనేలలగుండఁ బోయెను. న్యూబోల్డు రేగడ గుణమును వ్రాసి యప్పటికే యిరువదియేండ్లు దాఁటినది. మన్రో తరములు కచ్చేరీలలో నుండెను. పోరుమామిళ్ల శాసనపు కడపటి రెండు దోషములును రాతిపై నుండెను. కాలువగీఁత గీచినవారు ఏటిమట్టమును గొలిచిరి, మిట్టను గొలిచిరి, పడవ లోఁతును గొలిచిరి. నేలను గొలిచినట్లు ఫలితమునుబట్టి చూడఁ గనఁబడదు. కింగు గ్రంథము కాలువ ముగిసిన మఱుసటియేఁట వచ్చెను.

అయిదేండ్లకే కఱవు వచ్చెను. 1876 లో వానలు తప్పెను. అది ధాతసంవత్సర మగుటచే ధాతకఱవని సీమలో నిప్పటికిని బేరు. 1878 వఱకు నడచిన యా కఱవున దక్షిణదేశమున లక్షలకొలఁది జనులు నశించిరి. కర్నూలు మండలమున 1871 లోఁ దొమ్మిదిలక్షలు దాఁటియుండిన జనసంఖ్య 1881 నాఁటికి ఏడులక్షలకు లోపడినది. కఱవేండ్లలో మాత్రము కాలువనీటి కెగఁబడి రైతులు తీసికొనిరి. నీరందిన పొలము విస్తారముగాఁ బెరిఁగెను. కాలువ వ్యర్థమనువారును, అమృతప్రవాహమనువారును ఆనాఁటినుండి తలపడుచునే యున్నారు. ఇరువురును దప్పినది యొకటి: రేగడకు మంచియేఁట నవసరములేని నీరు చెడ్డయేఁటఁ బ్రాణమగును. చెడ్డయేఁటికై కాలువను నిలుపవలసినవాఁడు ప్రభువు గాని, ఏటేట వడ్డీ లెక్కించు కంపెనీ గాదు. వానలు మరలఁ బడఁగానే రైతులు మరల వెనుకకుఁ బోయిరి. 1882 లో దొరతనమువారు కాలువను గంపెనీనుండి కొనిరి. వాటాదారులకు నష్టము రాలేదు. తరువాతి కాలమున వరిసాగు పెరిఁగి, విత్తనములును బన్నులును మాఱి, ఈ కాలువ కర్నూలు కడప మండలములకు ముఖ్యాధారమైనది, నేఁడు కె. సి. కాలువ నీరు రాలేదనుటయే రైతుల మొఱ. ఈ మార్పునకు నూఱేండ్లకుఁ బైఁగాఁ బట్టెను.

ఆ కఱవునకు ముందొకటి, వెనుకొకటిగా రెండు మండలగ్రంథములు వెలువడినవి. గ్రిబిలుదొర కడప మాన్యువలు 1875 లోను, నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి కర్నూలు మాన్యువలు 1886 లోను. ఈ గ్రంథములలోఁ బెక్కింటిని దొరలే వ్రాయుచుండఁగా, కర్నూలుది తెలుఁగువాఁడు వ్రాసినది. శిలలు, ఖనిజములు, వానలెక్క, చెఱువులు, పంటలు, కఱవు అన్నియు నొక్కచోటఁ జేరినది ఈ రెంటిలోనే. వీనికి సంపూర్ణమైన మంచి తెలుఁగుసేఁత పండితలోకమునఁ బ్రచారములో నుండవలసినది.

ఇరువదవ శతాబ్దమున ఖనిజముల వంతు వచ్చెను. కూల్సనుదొర 1933, 1934 సంవత్సరములలో దత్తమండలముల బెరైటీసును, రాతినారను బరీక్షించి రెండు గ్రంథములు వ్రాసెను. బెరైటీసునకు జనులు ముగ్గురాయి యని పేరిడిరి; ఆఁడువారు ముంగిట ముగ్గు వేయుటకుఁ దెల్లనిపొడి కావలసి, ఆ రాతినిఁ బొడిచేసికొనుచుండిరి. అదే రాయి నేఁడు చమురుబావులు త్రవ్వువారికిఁ బరువుకై కావలసివచ్చి, మంగంపేట గని ప్రపంచమునఁ బేరొందినది. కింగు పేరిడిన వేంపల్లె సున్నపుశిలలయందే తుమ్మలపల్లెయొద్ద యురేనియము దొరకి, 2012 ప్రాంతమునఁ గర్మాగారము పనిచేయ నారంభించినది. నార్జిరాయి పేర శాస్త్రమున నిలిచినది కడపబండయై యిండ్లలోఁ బఱవఁబడుచున్నది. ఈ వ్యాసమును జదువువారిలోఁ బలువురు దానిపైఁ గూర్చుండియే చదువుచుందురు.

బనగానపల్లె సమీపమున జుఱ్ఱేటిలోయలో జ్వాలాపుర మను పల్లె కలదు. అచట భూమిలో మెత్తని బూడిదవంటి తెల్లనిపొర యొకటి కలదు. జనులు దానినిఁ ద్రవ్వి యమ్ముకొనుచుండిరి. సుమారు 74,000 సంవత్సరములక్రిందట సుమత్రాద్వీపమున టోబా యను నగ్నిపర్వతము బద్దలై, దాని బూడిద గాలిచేఁ గొట్టుకొనివచ్చి యిచటఁ బడినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. రవి కోరిసెట్టరు, మైకేల్ పెట్రాగ్లియా మొదలగువారు ఆ పొరకుఁ బైనను గ్రిందను మనుష్యులు చేసిన ఱాతిపనిముట్లను గనుఁగొని 2007 లోఁ బ్రకటించినారు. అగ్నిపర్వతపు బూడిద దొరకిన యూరికి జ్వాలాపురమని పేరుండుటను జూచి యేదియో పూర్వస్మృతి యని యనుకొనువారు గలరు. డెబ్బదినాలుగువేలయేండ్ల స్మృతిని నిలుపుటకు ఏ భాషకును శక్తి లేదు. పేరు పేరే, బూడిద బూడిదయే. పల్లెవారు బూడిదను సరిగానే పోల్చుకొని త్రవ్విరి. అది యెచటిదో చెప్పుటకు మాత్రము సుమత్రా రాతిని జూచినవారు కావలసివచ్చెను.